‘రన్’ అన్న ఒక్క మాటకు ఇన్ని అర్థాలా? అనువాదంలో ఎలా పట్టుకోవాలి?

తరంగిణి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అమెరికా పల్లె జీవితం మీద వచ్చిన ఒక ఆంగ్ల నవలను తెలుగులోకి తెస్తున్నాను. మూడో అధ్యాయం దగ్గర పని ఆగిపోయింది. ఆ ఒక్క పేజీ నిండా ‘రన్’ అన్న క్రియే.

ఇంటి వెనుక వాగు ‘రన్’ అవుతుంది. వాగు వెంట ఒక బాట కూడా ‘రన్’ అవుతుంది. ఇంటాయన పిండిమర ‘రన్’ చేస్తాడు. ఆయన చిన్న కొడుక్కి జలుబు చేసి ముక్కు ‘రన్’ అవుతోంది, పైగా వాడు జ్వరాన్ని ‘రన్’ చేస్తున్నాడు. మందు కోసం బయలుదేరిన తండ్రి దారిలో ఊరి పెద్దమనిషితో ‘రన్ ఇంటు’ అయ్యాడు. ఆ పెద్దమనిషి ఎన్నికల్లో ‘రన్’ అవుతున్నాడు. పేజీ చివర ఆ ఇంటివాళ్లు లాంతరులోకి కిరోసిన్ ‘రన్ అవుట్’ అయ్యారు.

నేను వరుసగా రాసుకున్నవి ఇవి: పారుతుంది, సాగుతుంది, నడుపుతాడు, కారుతోంది, కాస్తోంది, ఎదురుపడ్డాడు, పోటీ చేస్తున్నాడు, అయిపోయింది. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదనే అనిపిస్తోంది. కానీ మూలంలో ఒక్కటే మాట, నా దగ్గర ఎనిమిది. రచయిత కావాలనే ఆ మాటను పేజీ అంతా తిప్పి ఉంటే ఆ పని నా చేతిలో చెడిపోతుందేమోనని బెంగగా ఉంది.

నా సందేహాలు రెండు. ఇది నిజంగా ఒకే మాటా, లేక వేర్వేరు మాటలు కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చాయా? ఈ అర్థాలన్నిటినీ కలిపే సూత్రం ఏదైనా ఉందా? ఉంటే ప్రతి వాక్యానికీ నిఘంటువు తిరగేసే బాధ తప్పుతుంది.

బడిపంతులు

తరంగిణి గారూ, మీ బెంగ కొత్తది కాదు. నిఘంటువులు కూర్చేవాళ్లకే ఈ మాట చుక్కలు చూపించింది. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన వివరణ ‘సెట్’ అనే క్రియది. 430కి పైగా అర్థాలు, సుమారు 60 వేల పదాల వివరణ. తర్వాత చేపట్టిన సవరణలో ‘రన్’ దాన్ని దాటిపోయింది. ఆ పని చేసిన సంపాదకుడు పీటర్ గిలివర్ ఒక్క క్రియారూపానికే 645 అర్థాలు తేల్చారు. దానికి ఆయనకు తొమ్మిది నెలలు పట్టింది. ఈ సంగతి 2011లో పత్రికల్లో బాగా నలిగింది.

కాబట్టి అర్థాల పట్టిక కంఠస్థం చేయాలని చూడకండి. మాటకు ముందూ వెనుకా ఏముందో చూసి రాయండి. మీరు చేసింది అదే. నా మటుకు ఆ ఎనిమిదీ బాగున్నాయి.

పాతఅచ్చు

పంతులు గారు చెప్పిన లెక్కలు సరైనవే. కానీ తరంగిణి గారు అడిగిన అసలు ప్రశ్న మిగిలిపోయింది. అచ్చు పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా వృత్తి. అనువాదాల్లో ఈ మాట ఎక్కడ తడబెడుతుందో రోజూ చూస్తుంటాను, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

మొదటి సందేహం. ఇది ఒకే కుటుంబానికి చెందిన రెండు క్రియల కలయిక. జర్మన్ భాషలో ఆ రెండూ నేటికీ విడివిడిగా ఉన్నాయి. ‘రిన్నెన్’ అంటే కారడం, పారడం. ‘రెన్నెన్’ అంటే పరుగెత్తడం. ఈ రెండోది పుట్టుకలో మొదటిదానికి ప్రేరణార్థకం, అంటే ‘పారేలా చేయు, ఉరికేలా చేయు’ అని. పాత ఆంగ్లంలో కూడా తనంతట తాను కదలడానికి ఒక క్రియ, కదిలించడానికి ఇంకొక క్రియ ఉండేవి. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల మాటలు కూడా వాటితో కలిశాయి. మధ్యయుగాల్లో తేడా చెరిగిపోయి అన్నీ ఒక్క ‘రన్’ గూటికి చేరాయి. అందుకే ఇవాళ గుర్రం పరుగెత్తినా ‘రన్’, గుర్రాన్ని పరుగెత్తించినా ‘రన్’.

మనకు ఆ తేడా చెరగలేదు. పారు, పారించు. నడుచు, నడుపు. తిరుగు, తిప్పు. ఆడు, ఆడించు. కాబట్టి ‘రన్’ కనబడగానే మొదట అడగవలసింది ఒక్కటే: ఇక్కడ ఏదో తనంతట తాను కదులుతోందా, ఎవరైనా కదిలిస్తున్నారా? మీ పేజీలో వాగు మొదటి రకం, పిండిమర రెండో రకం. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ‘రన్’ అంటే కాళ్లతో పరుగు అని మనం బడిలో నేర్చుకుంటాం. ఆ తర్వాత ముక్కు ‘రన్’ అయితే అదేదో అలంకారం అనుకుంటాం. కాదు. ద్రవం పారడం ఈ మాటకు ఆది నుంచీ ఉన్న అర్థం, కాళ్ల పరుగుకు ఏమాత్రం తీసిపోదు. నది, కుళాయి, కన్నీరు, కరిగిన మైనం, ఉతికిన బట్టలో రంగు, ఇవన్నీ ఆ కొమ్మవే. అయితే మన దగ్గర ఒక్క క్రియతో పని జరగదు. నేల మీద ప్రవాహంగా పోతే పారడం. సన్నగా, చుక్కలుగా, ఒకచోటి నుంచి బయటికి వస్తే కారడం. వాగు కారదు, ముక్కు పారదు. కుళాయి విషయంలో ఈ రెండూ నప్పవు. ‘కుళాయి కారుతోంది’ అంటే మర సరిగ్గా బిగియలేదని, లేదా చెడిపోయిందని అర్థం. ఆంగ్లంలో కుళాయి ‘రన్’ అవుతోందంటే ఎవరో తిప్పి వదిలేశారని. అక్కడ ‘కుళాయి వదిలేసి ఉంది’ అనాలి. బట్టకు రంగు దిగుతుంది. చూడండి, ఒక్క ద్రవాల దగ్గరే నాలుగు దారులు!

ఇక నేను ప్రతి అనువాదకుడికీ చెప్పాలనుకునేది మూడోది. ఆంగ్లం పరుగెత్తే చోట తెలుగు నడుస్తుంది. బస్సులు నడుస్తాయి. గడియారం నడుస్తుంది. వ్యాపారం, బడి, పత్రిక, కోర్టులో కేసు, అన్నీ నడుస్తాయి. వీటిని చూసుకునే మనిషి నడుపుతాడు. వీటిలో ఏ ఒక్కదానికి ‘పరుగు’ తగిలించినా అర్థం మారిపోతుంది. ‘గడియారం పరుగెడుతోంది’ అని రాస్తే గడియారం పనిచేస్తోందని ఏ తెలుగు పాఠకుడూ అనుకోడు, సమయం మించిపోతోందని కంగారుపడతాడు. ‘వ్యాపారం పరుగులు తీస్తోంది’ అంటే మామూలుగా సాగడం కాదు, జోరుగా సాగడం. మన భాషలో పరుగుకు తొందర అంటుకుని ఉంది. ఆంగ్లపు ‘రన్’కు చాలా చోట్ల ఆ తొందర లేదు, ఆగకుండా సాగడం మాత్రమే ఉంది. ఈ తేడా పట్టుకుంటే మీకు నిఘంటువుతో పని తగ్గుతుంది.

పిండిమర సంగతి. ఇంటాయన యజమాని అయితే ‘నడుపుతాడు’ సరిపోతుంది. ఆ క్షణంలో ఆయన మర దగ్గర నిలబడి యంత్రాన్ని తిప్పుతున్నాడంటే ‘ఆడిస్తున్నాడు’ అనాలి. ఆంగ్లంలో రెంటికీ ఒకటే క్రియ. మూలంలో ఆయన గింజలు పోస్తున్నాడా, లెక్కలు చూస్తున్నాడా అన్నది చూసుకోండి.

చివరగా, రచయిత కావాలని తిప్పాడా అన్న బెంగ. ఆంగ్ల పాఠకుడి చెవికి అది పునరుక్తిగా తగలదు. మన ‘పట్టు’ను చూడండి. వాన పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది, కునుకు పట్టింది, ఊరి దారి పట్టాడు. ఈ అయిదూ ఒకే పేజీలో వచ్చినా రచయిత మాటలతో ఆడుకున్నాడని ఎవరూ అనరు. ‘రన్’ కూడా ఆంగ్లంలో అంతే. ఎనిమిది క్రియలూ నిశ్చింతగా ఉంచండి. ఆ మాటను తెచ్చి పక్కపక్కన రెండు అర్థాల్లో వాడి చమత్కరించిన వాక్యం ఉంటే మాత్రం అక్కడ ఆగి ఆలోచించాలి.

యంత్రఘోష

పాతఅచ్చు గారి జవాబు చదివాక ఒకటి చేర్చాలనిపించింది. ‘రన్’ ఇంతగా పెరగడానికి యంత్రాలు పెద్ద కారణం. ఆవిరి యంత్రాలు, రైళ్లు, కార్ఖానాలు వచ్చాక ఆగకుండా పనిచేసే ప్రతిదానికీ ఒక క్రియ కావలసి వచ్చింది. ‘సెట్’లో ఒకచోట పెట్టి ఉంచడం ఉంది, ‘రన్’లో కదలిక ఉంది. పారిశ్రామిక యుగానికి రెండోదే అక్కరకు వచ్చింది. తర్వాత కంప్యూటర్లు వచ్చి ఇంకొక మోపు అర్థాలు మోసుకొచ్చాయి.

నేను సాఫ్ట్‌వేర్ తెరల మీద కనిపించే మాటలను తెలుగు చేస్తుంటాను. మా దగ్గర చిక్కు ఏమిటంటే చుట్టూ వాక్యం ఉండదు. బొత్తాం మీద ఒంటరిగా ‘రన్’ అని ఉంటుంది, అంతే. పంతులు గారు చెప్పినట్టు ముందూ వెనుకా చూద్దామంటే ఏమీ ఉండదు! బొత్తాం అయితే ‘అమలు చేయి’ లేదా ‘నడుపు’. పక్కన స్థితి చూపే చోట అయితే ‘నడుస్తోంది’. జాబితా శీర్షికలో నామవాచకంగా వస్తే ‘ఎన్నోసారి నడిపాం’ అన్న భావం రావాలి. ‘రన్‌టైమ్’ అన్నది మరీ కష్టం. ప్రోగ్రామ్ ఎంతసేపు నడిచిందో ఆ వ్యవధి ఒక అర్థం, నడుస్తున్న సమయం ఇంకొకటి, నడవడానికి ఆధారమైన ఏర్పాటు మూడోది. ఒకే తెర మీద మూడూ వస్తాయి. ఒక అప్లికేషన్‌లో బొత్తాం మీద ‘పరుగెత్తు’ అని చూశాను. దాన్ని నొక్కాలో వద్దో తెలియక కొత్తవాళ్లు ఎంత తికమక పడతారో ఆలోచించండి. తెలుగులో కంప్యూటర్ వాడాలని ముచ్చటపడి వచ్చినవాళ్లను ఇలాంటి మాటలే మళ్లీ ఆంగ్లం వైపు తరిమేస్తాయి. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

తరంగిణి

అందరికీ ధన్యవాదాలు. ‘తెలుగు నడుస్తుంది’ అన్న మాట చదివాక అధ్యాయం మొత్తం మళ్లీ తిరగేశాను. రెండు చోట్ల ‘పరుగు’ కొట్టేసి ‘నడక’ పెట్టాను.

ఇంకా రెండు వాక్యాలు గుచ్చుకుంటున్నాయి. ఎన్నికలకూ పరుగుకూ సంబంధం ఏమిటి? కిరోసిన్ దగ్గర ఆంగ్లంలో మనుషులే కర్తలు. కిరోసిన్ అయిపోయింది అనరు, ‘వాళ్లు’ అయిపోయారన్నట్టు ఉంటుంది. ఆ తిప్పడం నాకు అంతుపట్టలేదు.

పాతఅచ్చు

ఎన్నికల సంగతి సరదాగా ఉంటుంది. అమెరికావాళ్లు పదవి కోసం ‘రన్’ అవుతారు. బ్రిటన్‌లో మాత్రం ‘స్టాండ్’ అంటారు, అంటే నిలబడతారు. ఒకే భాష, ఒకే పని, ఒక ఒడ్డున పరుగు, ఇంకొక ఒడ్డున నిలుచోవడం. అమెరికాలో పోటీని పందెంగా చూసే మాటలు స్థిరపడ్డాయి. మనం కూడా ‘ఎన్నికల్లో నిలబడ్డాడు’ అంటాం. మీ పెద్దమనిషికి ‘పోటీ చేస్తున్నాడు’ కంటే ‘ఎన్నికల్లో నిలబడుతున్నాడు’ పల్లె వాతావరణానికి దగ్గరగా ఉంటుంది. మొదటిది పత్రికల మాట.

కిరోసిన్ గురించి మీరు పట్టుకున్నది చాలా మంచి సూక్ష్మం. ఆంగ్లంలో ఒక మనిషి తన దగ్గరున్న సరుకు చివరికంటా వచ్చేశాడని చెబుతారు, సరుకును ‘ఆఫ్’ (of) అన్న చిన్న మాటతో వెనక్కి తోస్తారు. తెలుగులో సరుకే కర్త. ‘మాకు కిరోసిన్ అయిపోయింది.’ మనిషి ‘కు’ విభక్తితో పక్కన నిలబడతాడు. జ్వరం దగ్గరా ఇదే తంతు. ఆంగ్లంలో పిల్లవాడు జ్వరాన్ని నడిపిస్తాడు, మన దగ్గర జ్వరం కాస్తుంది, పిల్లవాడు దాన్ని అనుభవిస్తాడు. ఆకలి, నిద్ర, కోపం, జ్వరం, ఇవన్నీ మనకు మనిషి చేసే పనులు కావు, మనిషికి వచ్చేవి. అందుకే మూలంలోని కర్తను అలాగే దించుకోవాలని చూసిన అనువాదం ఈ చోట్ల బిగుసుకుపోతుంది. వాక్యం తిప్పి రాయడానికి జంకకండి.

బడిపంతులు

పాతఅచ్చు గారి విశ్లేషణ మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం. పారడం, సాగడం అన్న మూలభావం పట్టుకుంటే చాలు అన్నట్టు పిల్లలకు చెబితే దెబ్బతింటారు. ‘రన్ డౌన్’ చూడండి. వాహనం మనిషిని పడదోసినా అదే, ఒకరి వెనుక చెడ్డగా మాట్లాడినా అదే, ఎక్కడో ఉన్న సమాచారాన్ని వెతికి పట్టుకున్నా అదే, బ్యాటరీలో శక్తి తరిగిపోయినా అదే. వీటిలో ఏ పారుదల కనిపిస్తుంది? ‘రన్ ఓవర్’ అంటే చక్రాల కింద తొక్కించడం కావచ్చు, ఉపన్యాసానికి ముందు కాగితాలు ఒకసారి చూసుకోవడం కావచ్చు, సభ గడువు మించి సాగడం కావచ్చు. నా తరగతిలో ఒక అమ్మాయి ‘ఉపాధ్యాయుడు తన పాఠాన్ని తొక్కించాడు’ అని రాసింది. ఆ అమ్మాయి తర్కంలో లోపం లేదు. లోపం, మాటను ముక్కలుగా విడదీసి అర్థం కట్టుకోవచ్చని మేము నేర్పడంలో ఉంది. క్రియ పక్కన ‘అవుట్’, ‘డౌన్’, ‘ఓవర్’, ‘ఇంటు’ వంటివి చేరితే అది కొత్త మాట. కొత్త మాటగానే నేర్చుకోవాలి.

నామవాచకాలు ఇంకా ఘోరం. ఒకేసారి జనం బ్యాంకు మీద పడి డబ్బు తీసుకుంటే అదొక ‘రన్’. కోళ్లు తిరిగే కంచె వేసిన చోటు ‘రన్’. ఒక విడతలో అచ్చయిన ప్రతులు ‘రన్’. మేజోడులో దారం తెగి నిలువునా చీలిన గీత ‘రన్’. క్రికెట్లో బంతి సరిహద్దు దాటితే ఆటగాడు అడుగు కదపకపోయినా నాలుగు ‘రన్’లు! వీటన్నిటికీ కలిపి సూత్రం చెప్పడం కంటే ఒక్కొక్కదాన్నీ వాక్యంలో చూపించడం మేలు.

పాతఅచ్చు

పక్కన చేరే చిన్న మాటల విషయంలో పంతులు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ‘రన్ డౌన్’ను ‘రన్’ నుంచి ఊహించమని ఎవరికీ చెప్పకూడదు. నేను చెప్పిన మూడు సంగతులూ ఒంటరి క్రియకే.

కానీ మేజోడు గీతను మాత్రం వదులుకోను. ఒక చోట కుట్టు జారితే ఆ జారుడు కింది వరుసకు, దాని కింది వరుసకు ఆగకుండా పాకుతుంది. అది అచ్చంగా ఒక గీత వెంట సాగడమే, మీ బాట సాగినట్టు. బ్రిటన్‌లో దాన్నే ‘ల్యాడర్’ అంటారు, నిచ్చెన మెట్లలా కనబడుతుంది కనుక. అమెరికావాళ్లు అది సాగే తీరును చూశారు, బ్రిటన్‌వాళ్లు మిగిలిన ఆకారాన్ని చూశారు. కోళ్ల కంచె కూడా కోళ్లు తిరగడానికి వదిలిన చోటే. బ్యాంకు సంగతిలో జనం నిజంగానే పరుగున వస్తారు.

శామ్యూల్ జాన్సన్ తన 1755 నాటి నిఘంటువు ముందుమాటలో ఇలాంటి క్రియల జాబితా ఒకటి ఇచ్చాడు. అందులో ‘రన్’ ఉంది. భాష బతికి ఉన్నంతకాలం ఈ మాటలు గంట గంటకూ తమ సంబంధాలు మార్చుకుంటాయని, గాలివానలో ఊగే తోపును నీటిలోని ప్రతిబింబం చూసి గీయలేనట్టే వీటిని నిఘంటువులో పట్టి ఉంచలేమని వాపోయాడు. ఆవిరి రైలూ కంప్యూటరూ చూడని మనిషి ఆ మాట అన్నాడు! పంతులు గారి వాదానికి ఆయన అండ ఉందని ఒప్పుకుంటాను.

తరంగిణి

పేజీ చివరి భాగం మళ్లీ రాశాను. ఒకసారి చూడండి.

‘చిన్నవాడికి ముక్కు కారుతోంది. ఒళ్లు కాలిపోతోంది. తండ్రి మందు కోసం వాగు వెంట సాగే బాట పట్టాడు. మలుపులో ఊరి పెద్ద ఎదురుపడ్డాడు. ఈసారి ఎన్నికల్లో నిలబడుతున్నాడాయన. ఇంటికి తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. లాంతరులో కిరోసిన్ నిండుకుంది.’

‘నిండుకుంది’ అనవచ్చా? అయిపోయింది అన్నదాని కంటే బాగుందనిపించి వేశాను.

యంత్రఘోష

‘బాట పట్టాడు’ దగ్గర పాతఅచ్చు గారి ‘పట్టు’ భలే కుదిరింది.

పాతఅచ్చు

చక్కగా వచ్చింది. రెండు మాటలు చెబుతాను.

‘ఎదురుపడ్డాడు’ బదులు ‘తారసపడ్డాడు’ చూడండి. మూలంలో ఉన్నది అనుకోకుండా కలవడం. ఎదురుపడటంలో ఎదురుగా రావడమే ముఖ్యం, అనుకోనితనం అంతగా లేదు. తండ్రి ఆ పెద్దమనిషిని తప్పించుకు తిరుగుతున్నాడని కథలో ఉంటే మాత్రం ‘ఎదురుపడ్డాడు’ అలాగే ఉంచండి, అప్పుడు అదే బలంగా ఉంటుంది.

‘నిండుకుంది’ అందమైన మాట, కానీ అది ఎవరి నోట వస్తోందో చూసుకోవాలి. ఇంట్లో ‘లేదు’ అన్న మాట పలకడం ఇష్టంలేక మనవాళ్లు ‘నిండుకుంది’ అంటారు. కథకుడు బయటి నుంచి చెబుతున్న వాక్యంలో ఆ జంకు అక్కర్లేదు, ‘అయిపోయింది’ చాలు. పైగా లాంతరు ఒక్కటే కాకుండా డబ్బాలో కూడా లేదని మూలంలో ఉంటే ‘ఇంట్లో కిరోసిన్ అయిపోయింది’ అని రాయండి. తర్వాతి పేజీలో తల్లి అదే సంగతి భర్తతో చెప్పే చోటు ఉంటే, ఆమె నోట ‘కిరోసిన్ నిండుకుంది’ పెట్టండి.

తరంగిణి

ఉంది. నాలుగో పేజీ మొదట్లోనే ఆమె చెబుతుంది. అక్కడికి మారుస్తున్నాను. పెద్దమనిషికి ఈయన బాకీ ఉన్నాడు కనుక ‘ఎదురుపడ్డాడు’ ఉంచేస్తాను.